మూత మూసినా పలికే సర్వర్

పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ వేసి ఇంటి సర్వర్‌గా మార్చేవారి పనితనం వైఫై కలిశాకే మొదలవుతుంది. కలపడం ఎంతసేపు? నెట్ లేనిదే వైఫై కార్డుకు కావలసిన ఫర్మ్‌వేర్ రాదు, ఫర్మ్‌వేర్ లేనిదే నెట్ రాదు అన్న చిక్కుముడిని ఫోన్‌ను యూఎస్‌బీకి తగిలించి విప్పేస్తారు. 2023లో వచ్చిన డెబియన్ 12 ఇన్‌స్టాలర్‌లోనే ఫర్మ్‌వేర్ చేర్చాక ఆ తిప్పలూ చాలావరకు తగ్గాయి. అసలు పరీక్ష కరెంటు పోయినప్పుడు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద బతికే ఉంటుంది, రౌటర్ ఆరిపోతుంది. లినక్స్‌లో నెట్ కలిపే నెట్‌వర్క్‌మేనేజర్ మామూలుగా నాలుగుసార్లు ప్రయత్నించి కాసేపు ఊరుకుంటుంది. ఆ లెక్కను సున్నా చేస్తే రౌటర్ వెలిగేదాకా అడుగుతూనే ఉంటుంది. పనివాడు అది మార్చి ఊరుకోడు. వైఫై పవర్ సేవింగ్ ఆపుతాడు, మూత మూస్తే నిద్రపోకుండా లాగిన్‌డీ సెట్టింగుల్లో ‘ఇగ్నోర్’ అని రాస్తాడు, రౌటర్‌లో ఆ మెషీన్‌కు ఒకే ఐపీ కేటాయిస్తాడు.

ఇంత తంటా ఎందుకు, కేబుల్ గుచ్చితే పోలా అనవచ్చు. నిజమే, వీలున్నచోట కేబులే మేలు. కానీ పలచటి ల్యాప్‌టాప్‌లు చాలావాటికి లాన్ పోర్టే ఉండదు, అద్దె ఇంటి గోడకు బెజ్జం కొట్టనివ్వరు. ఫోటోలు దాచుకోవడానికి, పాటలు వినడానికి వైఫై వేగం సరిపోతుంది. ఎవరో రాసిన నాలుగు కమాండ్లు కొట్టడమూ ఒక విద్యేనా అనేవారూ ఉంటారు. కమాండ్లు ఎవరైనా కొడతారు. 5 గిగాహెర్ట్జ్‌కు వేగం ఎక్కువైనా గోడలు దాటేసరికి నీరసిస్తుందని, దూరపు గదికి 2.4 మీదే ఆధారపడాలని తేల్చుకోవడానికి మాత్రం బుర్ర పెట్టాలి. సవ్యంగా నడిచినంతకాలం ఈ పని ఎవరి కంటా పడదు. మెచ్చుకోలు కరువైంది అందుకే తప్ప, విద్య తక్కువై కాదు.