భాగం - 7 : పాత కార్టూన్లు, పాత భయానక చిత్రాలు - ఆస్వాదన, విమర్శ

విషయక్రమం
7.0 లక్ష్యాలు
7.1 పరిచయం
7.2 భయం రసం ఎట్లా అవుతుంది?
7.3 సినిమాకు ముందటి తెర
7.4 ఎముకల నాట్యం, పొయ్యిలో కాళ్లు
7.5 'చందమామ', 'పాతాళ భైరవి'
7.6 'తులసిదళం' లేవనెత్తిన ప్రశ్న
7.7 ఆస్వాదనకు హద్దులు
7.8 సారాంశం
7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
- లౌకికమైన భయానికీ, భయానక రసానికీ ఉన్న భేదాన్ని వివరించగలుగుతారు.
- పాత కార్టూన్లకూ, పాత భయానక చిత్రాలకూ ఉన్న పోలికలను ఉదాహరణలతో చెప్పగలుగుతారు.
- ఒక పాత చిత్రాన్ని ఇష్టపడుతూనే దాని లోపాలను విమర్శించే పద్ధతిని అలవరచుకోగలుగుతారు.

7.1 పరిచయం

పాత కార్టూన్ చూసి నవ్వుతాం. పాత దెయ్యం సినిమా చూసీ నవ్వుతాం. మొదటి నవ్వు ఆ కార్టూన్ తీసినవాళ్లు కోరుకున్నదే. రెండో నవ్వు మాత్రం ఆ సినిమా ఓటమికి గుర్తు అని చాలామంది అనుకుంటారు. "అప్పటివాళ్లు ఈ పుర్రెలకూ, ఈ పొగకూ భయపడ్డారా?" అని ఆశ్చర్యపోతారు. సంప్రదింపు తరగతుల్లో విద్యార్థులు నన్ను ఈ ప్రశ్న చాలాసార్లు అడిగారు.

ఈ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉంది. అప్పటి ప్రేక్షకులు అమాయకులు, మనం తెలివైనవాళ్లం అన్నదే ఆ ఊహ. ఇది సరైనది కాదు. బి. విఠలాచార్య చిత్రాలకు వెళ్లిన ప్రేక్షకులు భయపడ్డారు, నవ్వారు, ఈలలూ వేశారు. ఈ మూడూ ఒకే ఆటలో జరిగాయి. ఆ చిత్రాల నిర్మాణమే అట్లాంటిది. ఆ నిర్మాణం ఏమిటో, అది కార్టూన్‌కు ఎంత దగ్గరో ఈ భాగంలో పరిశీలిద్దాం. ఆ తరవాత ఇంకో కష్టమైన ప్రశ్న వేసుకుందాం: చేతబడి అనుమానంతో మనుషులను చంపుతున్న సమాజంలో మాంత్రికుడి సినిమాను హాయిగా చూడవచ్చునా?

7.2 భయం రసం ఎట్లా అవుతుంది?

భరతుని నాట్యశాస్త్రం ప్రకారం భయానక రసానికి స్థాయిభావం భయం. హాస్యానికి హాసం, అద్భుతానికి విస్మయం, బీభత్సానికి జుగుప్స స్థాయిభావాలు. బీభత్సం నుంచి భయానకం పుడుతుందనీ, శృంగారం నుంచి హాస్యం పుడుతుందనీ కూడా భరతుడు చెప్పాడు. రసాలు ఒకదానికొకటి అడ్డుగోడలు కావని దీన్నిబట్టి తెలుస్తుంది.

భయం దుఃఖకరమైన అనుభవం కదా, అది ఆనందాన్ని ఎట్లా ఇస్తుంది? అభినవగుప్తుడు దీనికి శాకుంతలంలోని లేడిని ఉదాహరణగా తీసుకున్నాడు. దుష్యంతుని బాణానికి బెదిరి, మెడ తిప్పి చూస్తూ పరుగెత్తే లేడి అది. అక్కడ కనిపించే భయం ప్రేక్షకుని సొంత భయం కాదు. అది ఆ ఒక్క లేడిది మాత్రమే కూడా కాదు. దేశకాలాల నుంచీ, వ్యక్తి నుంచీ విడివడిన భయం. దీన్నే సాధారణీకరణం అంటారు. మనకు అపాయం లేదని తెలిసినప్పుడే భయాన్ని రుచి చూడగలుగుతాం.

చీకట్లో శామీర్‌పేట చెరువు కట్ట మీద ఒంటరిగా నడిచే మనిషి వెనక అడుగుల చప్పుడు వింటే కలిగేది లౌకికమైన భయం. అదే చప్పుడును థియేటరులో పదిమంది మధ్య కూర్చుని వింటే కలిగేది వేరు. ఈ రెండింటి నడుమ ఉన్న దూరమే ఆస్వాదనకు ఆధారం. ఆ దూరం తగ్గిపోతే ఏమవుతుందో 7.7లో చూద్దాం.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
సాధారణీకరణం అంటే ఏమిటి? మీరు చూసిన ఒక సినిమా దృశ్యం ఆధారంగా అయిదు వాక్యాల్లో రాయండి.

7.3 సినిమాకు ముందటి తెర

కదిలే బొమ్మల కథ తెలుగువారికి సినిమాతో రాలేదు. తోలుబొమ్మలాటలో తెల్లని తెర వెనక దీపం ఉంటుంది. కీళ్ల దగ్గర విడదీసి, మళ్లీ కట్టిన బొమ్మలు తెరకు ఆని ఆడతాయి. రామాయణం నడుస్తూ ఉండగా జుట్టుపోలిగాడు, బంగారక్క వచ్చి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు, మోటు హాస్యం ఆడతారు. ఎన్ని దెబ్బలు తిన్నా పోలిగాడు మళ్లీ లేస్తాడు. 1940లో మొదలైన 'టామ్ అండ్ జెర్రీ'లో పిల్లి ఎన్నిసార్లు నలిగిపోయినా మరుక్షణం మామూలుగా పరుగెత్తుతుంది. దెబ్బ తగులుతుంది కాని గాయం నిలవదు. దెబ్బల హాస్యానికి ఇదే మూలసూత్రం.

తెలంగాణలో మరో సంప్రదాయం చేర్యాల నకాషీ పటం. పొడవాటి గుడ్డ మీద కథను గళ్లుగళ్లుగా చిత్రిస్తారు. కాకిపడగల, మందహెచ్చుల వంటి కథక బృందాలు ఆ పటాన్ని కొద్దికొద్దిగా విప్పుతూ, ఒక్కొక్క బొమ్మను చూపుతూ కులపురాణాలను గానం చేస్తాయి. ఎర్రని నేపథ్యం, పెద్ద కళ్లు, కోరలున్న రాక్షసులు ఇక్కడ కనిపిస్తాయి. ముఖం చూడగానే పాత్ర స్వభావం తెలిసిపోవాలి. కార్టూన్ గీతకూ కావలసింది ఇదే.

అందువల్ల కార్టూన్, భయానక చిత్రం రెండూ విదేశీ దిగుమతులేనని తేల్చడం తొందరపాటు. పరికరం బయటి నుంచి వచ్చింది. చూసే కన్ను ఇక్కడ ముందే తయారై ఉంది.

7.4 ఎముకల నాట్యం, పొయ్యిలో కాళ్లు

ఇప్పుడు రెండు దృశ్యాలను పక్కపక్కన పెట్టి చూద్దాం.

మొదటిది వాల్ట్ డిస్నీ సంస్థ 1929లో విడుదల చేసిన 'ది స్కెలిటన్ డ్యాన్స్'. బొమ్మల పని అబ్ ఐవర్క్స్‌ది, సంగీతం కార్ల్ స్టాలింగ్‌ది. అయిదారు నిమిషాల ఈ కార్టూన్‌లో మాటలు లేవు. అర్ధరాత్రి శ్మశానంలో నాలుగు అస్థిపంజరాలు లేచి నాట్యం చేస్తాయి. ఒక అస్థిపంజరం మరో దాని ఎముకలనే వాయిద్యంగా చేసుకుని వాయిస్తుంది. కోడి కూయగానే అన్నీ కంగారుగా సమాధిలోకి దూరిపోతాయి.

రెండోది విఠలాచార్య 1978లో తీసిన 'జగన్మోహిని'. నరసింహరాజు, ప్రభ, జయమాలిని ఇందులో ముఖ్య నటులు. మోహిని పిశాచంగా జయమాలిని వంటింట్లో కూర్చుని, కట్టెలకు బదులు తన కాళ్లనే పొయ్యిలో పెట్టి వంట చేస్తుంది. ఈ సినిమా పేరు గుర్తులేనివాళ్లకు కూడా ఈ దృశ్యం గుర్తుంటుంది.

ఎముక వాయిద్యమైంది. కాలు కట్టె అయింది. రెండుచోట్లా శరీరం పనిముట్టుగా మారింది. శరీరానికి నొప్పి, చావు అనే ధర్మాలు లేకుండా పోయాయి. ఆ మార్పును ఒక వైపు నుంచి చూస్తే భయం, మరో వైపు నుంచి చూస్తే నవ్వు. మోహిని చేసే పని వంట, అంటే ఇంట్లో రోజూ జరిగే పని. అతి మామూలు పనిలో అతి అసహజమైన విషయం చొరబడింది. భయం పుట్టింది అందువల్లే, నవ్వు పుట్టిందీ అందువల్లే. కాబట్టి ఆ దృశ్యానికి ఇవాళ నవ్వేవాళ్లు సినిమాను ఓడించడం లేదు. సినిమా పెట్టిన విందులో ఒక పదార్థాన్ని తింటున్నారు, అంతే.

కె.వి. రెడ్డి 'మాయాబజార్' (1957)లో ఘటోత్కచుని భోజన ఘట్టం కూడా ఇదే కోవకు చెందుతుంది. పళ్లెంలోని లడ్డూలు తమంతట తామే రాక్షసుని నోట్లోకి ఎగిరి పోతాయి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్‌ట్లీ పనితనం, ఎస్.వి. రంగారావు అభినయం కలిసి రాక్షసుణ్ణి పిల్లలు ప్రేమించే బొమ్మగా మార్చాయి.

విఠలాచార్యకు విజయా సంస్థకున్నంత పెట్టుబడి లేదు. నటుడు షూటింగుకు రాకపోతే ఆ పాత్రను చిలుకగానో మేకగానో మార్చి కథ నడిపేవారని సినీరంగంలో ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమైనా కాకపోయినా అది ఆయన పద్ధతిని చక్కగా పట్టి ఇస్తుంది. ఆయన చిత్రాల్లో ఏ రూపమూ స్థిరం కాదు. గీత గీసినంత తేలికగా మనిషి జంతువవుతాడు. ఆయన కెమెరాతో తీసింది ఒక విధంగా కార్టూనే.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
'ది స్కెలిటన్ డ్యాన్స్'కూ, 'జగన్మోహిని'లోని వంట దృశ్యానికీ ఉన్న పోలిక ఏమిటి? ఒక భేదాన్ని కూడా చెప్పండి.

7.5 'చందమామ', 'పాతాళ భైరవి'

1947 జూలైలో 'చందమామ' ప్రారంభమైంది. దాన్ని నడిపిన నాగిరెడ్డి, చక్రపాణిలే విజయా సంస్థ ద్వారా 1951లో 'పాతాళ భైరవి'ని నిర్మించారు. బొమ్మల పత్రిక, మంత్రతంత్రాల సినిమా ఒకే ఇంటి నుంచి వచ్చాయన్నమాట. శంకర్ గీసిన భేతాళుణ్ణి గుర్తుచేసుకోండి. శవాన్ని భుజాన వేసుకుని, చేత కత్తి పట్టి నడిచే విక్రమార్కుని బొమ్మలో శ్మశానమంతా ఉంది. అయినా పిల్లలు ఆ పేజీని దాటవెయ్యలేదు, వెతుక్కుని చదివారు. కథ చివర భేతాళుడు ప్రశ్న అడుగుతాడు. భయం అక్కడ ఆలోచనగా మారుతుంది.

'పాతాళ భైరవి'లో నేపాళ మాంత్రికుడు ఎస్.వి. రంగారావు. ఆయన కళ్లు, గడ్డం, సాగదీసి పలికే మాట గీసిన బొమ్మలాగా ఒక్కసారి చూస్తే మరపురావు. అయితే కథను గమనించండి. మాంత్రికునికి శక్తి కావాలి, అందుకు తోటరాముణ్ణి బలి ఇవ్వాలి. అంటే భయపెట్టేది మంత్రం కాదు, మనిషి దురాశ. చివరికి బలిపీఠం మీద పడేది మాంత్రికుడే. శిష్యుడు సదాజపుడు పక్కన ఉండి గురువు గాంభీర్యానికి తూట్లు పొడుస్తూ ఉంటాడు. మాంత్రికుణ్ణి చూసి భయపడమని ఒక పాత్ర, నవ్వమని ఇంకో పాత్ర చెబుతున్నాయి.

7.6 'తులసిదళం' లేవనెత్తిన ప్రశ్న

యండమూరి వీరేంద్రనాథ్ నవల 'తులసిదళం' 'ఆంధ్రభూమి' వారపత్రికలో సీరియల్‌గా వచ్చి విపరీతమైన పాఠకాదరణ పొందింది. ఇందులో భయానికి వేదిక జానపద రాజ్యం కాదు. కార్లు, ఆసుపత్రులు, డాక్టర్లు ఉన్న నేటి నగరం. ఒక చిన్నపిల్ల మీద జరిగిన చేతబడికి వైద్యశాస్త్రం చెప్పే సమాధానమూ, మంత్రశాస్త్రం చెప్పే సమాధానమూ పక్కపక్కనే సాగుతాయి. ఏది నిజమో తేల్చుకునే పని పాఠకునికి వదిలినట్టు ఉంటుంది.

రంగనాయకమ్మ దీన్ని తీవ్రంగా ఖండిస్తూ 'తులసిదళం కాదు, గంజాయి దమ్ము' అనే విమర్శ రాశారు. మూఢనమ్మకానికీ, శాస్త్రానికీ సమాన స్థానం ఇచ్చినట్టు కనిపించే రచన చివరికి మూఢనమ్మకాన్నే బలపరుస్తుందన్నది ఈ కోవ విమర్శలోని ప్రధానమైన వాదం. కల్పనను కల్పనగా చదువుకునే హక్కు పాఠకునికి ఉందని ఎదుటి పక్షం అంటుంది.

నా దృష్టిలో ఈ రెండు వాదాలూ ఒక తేడాను గమనించాలి. విఠలాచార్య మోహిని తన మాయను దాచుకోదు. ఇది ఆట అని సినిమా ప్రతి నిమిషం చెబుతూనే ఉంటుంది. 'తులసిదళం' మార్గం వేరు. అది ఆట అనే గుర్తులను తుడిచివేసి, ఇది మీ పక్కింట్లో జరగవచ్చునని నమ్మిస్తుంది. 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి' కూడా మామూలు ఇంటినీ, మామూలు శబ్దాలనూ వాడుకుని భయపెట్టింది. కళగా ఈ మార్గం ఎక్కువ శక్తిమంతం కావచ్చు. కాని 7.2లో చెప్పిన దూరాన్ని అది తగ్గిస్తుంది. ఇక్కడ రంగనాయకమ్మ ఆందోళనలో బలం ఉంది.

7.7 ఆస్వాదనకు హద్దులు

శామీర్‌పేట ప్రాంతంలో తుర్కపల్లి దగ్గర జీనోమ్ వ్యాలీ ఉంది. ప్రపంచానికి టీకాలు పంపే ప్రయోగశాలలు అక్కడ ఉన్నాయి. ఇదే శామీర్‌పేట మండలంలో 2019లో చేతబడి చేశాడన్న అనుమానంతో ఒక యువకుణ్ణి చంపారు. ఈ రెండు విషయాలనూ కలిపి ఆలోచించకుండా మాంత్రికుల సినిమాల మీద వ్యాసం రాయడం బాధ్యత అనిపించుకోదు.

ఆ హత్యకు పాత సినిమాలు కారణమని నేను అనడం లేదు. బాణామతి భయం సినిమా కంటే చాలా పాతది. జబ్బుకు కారణం తెలియకపోవడం, వైద్యం అందకపోవడం, ఇరుగుపొరుగు తగాదాలు దాన్ని పెంచుతాయి. అయితే ఒక తేడాను గుర్తించండి. సినిమాలో మాంత్రికునికి గుహ ఉంది, గడ్డం ఉంది, శక్తి ఉంది. ఊళ్లో మాంత్రికుడని ముద్ర వేసినవాడికి ఇవేవీ లేవు. చాలాసార్లు అతను అందరికంటే బలహీనుడు. సినిమాలో భయం లోకానికంతటికీ చెందింది. ఊళ్లో దానికి ఒక మనిషి పేరు తగిలిస్తారు. సాధారణీకరణం తిరగబడటం అంటే ఇదే.

మాయ పైకి కనబడే సినిమా చూస్తే నమ్మకం దానంతట అదే పోతుందా? పోదు. కెమెరా మాయ అని తెలిసినవాళ్లే భక్తి చిత్రాలకు తెర ముందు కొబ్బరికాయలు కొట్టారు. చూడటంతో సరిపోదు, చూసినదాన్ని గురించి మాట్లాడుకోవాలి. జన విజ్ఞాన వేదిక కార్యకర్తలు ఊళ్లలో 'మహిమలు' చేసి చూపి, వాటి గుట్టు విప్పి చెబుతారు. మొదట ఆశ్చర్యం, తరవాత వివరణ. సినిమా విమర్శకుడు చెయ్యవలసిన పని కూడా ఇదే.

పాత కార్టూన్లకూ ఈ పరీక్ష తప్పదు. వార్నర్ బ్రదర్స్ పాత కార్టూన్లలో నల్లజాతివారిని హేళన చేసిన 11 చిత్రాలను 1968లో యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థ టీవీ ప్రసారం నుంచి తొలగించింది. 'టామ్ అండ్ జెర్రీ' తొలి చిత్రాల్లోని నల్లజాతి పనిమనిషి పాత్ర మీద కూడా విమర్శలు వచ్చాయి. మన చిత్రాల సంగతి చూద్దాం. కోరిక ఉన్న స్త్రీ పిశాచమైంది, ఓర్చుకున్న స్త్రీ ఇల్లాలైంది. మోహిని వేషంలో స్త్రీ దేహాన్ని అంగడి సరుకు చేశారు. బొమ్మ గీసేవాడు ఎవరి ముఖాన్ని వికృతంగా గీశాడో, ఎవరిని దెయ్యం చేశాడో అడగడం ఆస్వాదనకు అడ్డంకి కాదు. అది ఆస్వాదనలో భాగమే.

7.8 సారాంశం

పాత కార్టూన్, పాత భయానక చిత్రం శరీర ధర్మాలను తలకిందులు చేసి నవ్వునూ భయాన్నీ పుట్టిస్తాయి. తోలుబొమ్మలాట, నకాషీ పటం ఈ రెండింటికీ మన ప్రేక్షకులను ముందే సిద్ధం చేశాయి. తనకూ, దృశ్యానికీ మధ్య దూరం ఉన్నంతవరకు ప్రేక్షకుడు భయాన్ని రసంగా అనుభవిస్తాడు. ఆ దూరం చెరిగిపోయి భయానికి పొరుగువాని పేరు అంటుకుంటే ప్రాణాలు పోతాయి. ఇష్టంగా చూడటం, ప్రశ్నించడం రెండూ తెలిసిన ప్రేక్షకుడే ఈ చిత్రాలకు తగిన ప్రేక్షకుడు.

7.9 మాదిరి పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. భయానక, హాస్య రసాల కలయికను విఠలాచార్య చిత్రాల ఆధారంగా చర్చించండి.
2. 'తులసిదళం'పై వచ్చిన విమర్శను పరిశీలించి మీ అభిప్రాయాన్ని సకారణంగా తెలపండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. నేపాళ మాంత్రికుని పాత్ర చిత్రణను వివరించండి.
2. తోలుబొమ్మలాటలోని హాస్యపాత్రలకూ, కార్టూన్ పాత్రలకూ ఉన్న పోలికలు రాయండి.

III. అభ్యాసం
మేడ్చల్, శామీర్‌పేట ప్రాంతాల్లోగాని, మీ ఊళ్లోగాని అరవై ఏళ్లు దాటిన ఇద్దరిని కలవండి. వారు మొదట చూసిన దెయ్యం సినిమా ఏది, ఎక్కడ భయపడ్డారు, ఎక్కడ నవ్వారు అని అడిగి రాసుకోండి. ఆ సినిమాను మీరూ చూసి, మీ అనుభవాన్ని వారి అనుభవంతో పోలుస్తూ రెండు పేజీల వ్యాసం రాయండి.