ఎండ వాలాక తుత్తురుబెండ

గిద్దలూరు చుట్టుపక్కల పత్తిచేల గట్లమీద మిట్టమధ్యాహ్నం తుత్తురుబెండను చూస్తే ముడుచుకున్న మొగ్గలే కనిపిస్తాయి. ఎండ వాలాక అదే చెట్టు పసుపుపూలతో కళకళలాడుతుంది. మొక్కను గుర్తుపట్టడం నేర్చుకునేవారికి దీని మొదటి పాఠం ఇదే: పొద్దెరిగి వెళ్లాలి.

అతిబల అన్నా, ముద్రబెండ అన్నా, దువ్వెనకాయ అన్నా ఇదే. కాయను అరచేతిలో పెట్టుకుంటే చివరి రెండు పేర్లూ ఎందుకొచ్చాయో ఇట్టే తెలుస్తుంది. పదిహేను ఇరవై అరలు బండిచక్రంలా గుండ్రంగా అమరి ఉంటాయి. ఒక్కో అర చివర చిన్న ముక్కు. మెత్తటి మట్టిమీద అద్దితే అచ్చంగా ముద్ర పడుతుంది.

పత్తి, బెండ, గోంగూర, మందార దీని చుట్టాలే. కేసరాలన్నీ అతుక్కుని ఒకే గొట్టంగా కీలాన్ని చుట్టుకోవడం ఈ కుటుంబపు పోలిక. అయితే పత్తికీ మందారకూ రక్షకపత్రాల కింద ఇంకో ఆకుల వరస ఉంటుంది. తుత్తురుబెండకు అది లేదు. చిరుబెండకూ లేదు కాబట్టి అక్కడే చాలామంది తడబడతారు. అప్పుడు కాయ విప్పాలి. చిరుబెండ అరలో ఒక్కటే గింజ, దీని అరలో రెండు మూడు. లిన్నేయస్ కూడా దీన్ని మొదట చిరుబెండ ప్రజాతి అయిన సైడాలోనే చేర్చాడు. అబ్యూటిలాన్ ఇండికమ్ అన్న ఇప్పటి శాస్త్రీయనామం 1826లో రాబర్ట్ స్వీట్ పెట్టింది.

ఈ చుట్టరికం రైతుకూ పట్టిన విషయమే. పత్తిని పీల్చే పిండినల్లి తుత్తురుబెండమీదా బతుకుతుంది. అందుకే గట్లమీద దీన్ని ఉంచొద్దని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు.

బొటానికల్ సర్వే ఆఫ్ ఇండియాకు చెందిన జె.ఎల్. ఎల్లిస్ గిద్దలూరు పక్కనున్న నల్లమల మొక్కలపై 1987లో, 1990లో రెండు సంపుటాలు వెలువరించారు. అలాంటి పుస్తకాల వెనకున్నది ఎంతో ఓపికైన చేతిపని. పూతా కాయా ఉన్న కొమ్మను కోసి పాత పేపర్ల మధ్య పరచి, బరువు పెట్టి, తడి పేపర్లను మారుస్తూ ఆరబెట్టాలి. తర్వాత సుమారు 42×28 సెంటీమీటర్ల అట్టమీద అతికించాలి. కాయ మందంగా ఉండటంతో దాన్ని విడిగా చిన్న కవరులో పెడతారు.

ఆరిన పూవులో పసుపు నిలవకపోవచ్చు. అది ఏ వేళకు విచ్చిందో అట్టమీది కొమ్మ చెప్పలేదు. అందుకే ఊరు, తేదీ రాసే చీటీలో, చేనిగట్టు మీద నిలబడి ఉండగానే, మరో రెండు మాటలు చేర్చాలి: పసుపు, సాయంత్రం.