ఉప్పుగాలిలో గిటారు పని

ఎలక్ట్రిక్ గిటారుకు గాలిపెట్టె అక్కర్లేదు. ఉక్కు తీగ కదిలితే దాని కింద ఉన్న అయస్కాంతపు క్షేత్రం కదులుతుంది. ఆ అయస్కాంతం చుట్టూ ఉన్న రాగి తీగచుట్టలో సన్నని విద్యుత్తు పుడుతుంది (ఈ అయస్కాంతమూ చుట్టా కలిసినదే పికప్), ఆ విద్యుత్తును యాంప్లిఫయర్ పెంచి వినిపిస్తుంది. వీణ తన కుండలోంచి, మామూలు గిటారు తన పలుచని పలకల పెట్టెలోంచి నాదం తీస్తాయి. ఎలక్ట్రిక్ గిటారుకు గట్టి చెక్క దిమ్మ చాలు. అందుకే ఈ వాయిద్యాన్ని కార్ఖానా లేకుండా, ఇంటి వెనక రేకుల షెడ్డులో, ఒక బల్లా నాలుగు ఉలులూ ఒక రౌటరూ ఉన్నవాళ్లు కూడా చెయ్యగలుగుతున్నారు. అయితే చెయ్యగలగడం ఒకటి, వాయించేవాడు కిందపెట్టలేనట్టు చెయ్యడం మరొకటి. ఆ రెండింటి మధ్య దూరమంతా నెక్‌లో, అంటే తీగల కింద వేళ్లు నడిచే పొడవాటి కర్రలో, ఉంది.

చరిత్రను నాలుగు మాటల్లో ముగించవచ్చు. 1930ల మొదట్లో జార్జ్ బోషాంప్ ఆలోచనతో రికెన్‌బాకర్ వారి ‘ఫ్రయింగ్ పాన్’ గిటారు వచ్చింది. 1940 ప్రాంతంలో గిటారిస్టు లెస్ పాల్ ఒక నాలుగంగుళాల మందం దూలం ముక్కకు నెక్ తగిలించి, చూసేవాళ్ల కోసం దానికి మామూలు గిటారు రెక్కలు అతికించాడు. 1950లో లియో ఫెండర్ దిమ్మ బాడీకి నెక్‌ను స్క్రూలతో బిగించి అమ్మకానికి పెట్టాడు. రేడియోలు బాగుచేసుకునే ఆ మనిషికి గిటారు వాయించడం రాదు. 1952లో గిబ్సన్ కంపెనీ నెక్‌ను జిగురుతో అతికిన ‘లెస్ పాల్’ మోడల్ తెచ్చింది. అప్పటినుంచి గిటారు లోకం రెండు పక్షాలు: స్క్రూల పక్షం, జిగురు పక్షం. ఇంట్లో పనిచేసేవాడికి, అందులోనూ సముద్రతీరంలో ఉన్నవాడికి, స్క్రూల పక్షమే న్యాయం. నెక్ వంకరపోతే నాలుగు స్క్రూలు విప్పి సరిచెయ్యవచ్చు, జిగురు పక్షం వాళ్లు ఎంత పాట పాడినా సరే.

ఇంటి పనివాళ్లందరికీ ఆదిగురువు అనదగ్గ జంట ఇంగ్లండులో ఉంది. 1963లో పదహారేళ్ల బ్రయన్ మే, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరైన తండ్రి హెరాల్డ్ కలిసి ఇంట్లోనే గిటారు మొదలుపెట్టారు. ముగించడానికి రెండేళ్లు పట్టింది. నెక్ కోసం పాత ఇంటి నెగడు గూటి పైపలక మహాగని వాడారు, పురుగు తొలిచిన బెజ్జాల్లో అగ్గిపుల్లలు దిగ్గొట్టారు. తీగల శృతిని ఊపే ట్రెమొలోకు మోటారుసైకిలు ఇంజను స్ప్రింగులు, దాని పిడి కొసకు అమ్మ అల్లికసూది ముక్క, ఫ్రెట్లనే లోహపు మెట్లుండే ఫ్రెట్‌బోర్డు మీద చుక్కలకు అమ్మ బొత్తాల డబ్బాలోంచి ముత్యపుచిప్ప బొత్తాలు! ‘రెడ్ స్పెషల్’ అనే ఆ గిటారుతోనే అతను క్వీన్ రాక్ బృందంతో జీవితమంతా వాయిస్తూ వచ్చాడు. లక్షలు పోసి కొన్న గిటార్లు ఎన్ని వచ్చినా దాన్ని వదల్లేదు. ఒక్క విషయం మాత్రం గమనించాలి. మొదట పికప్‌లు కూడా తనే చుట్టుకున్నాడు, తీగ లాగినప్పుడు నాదం తేడాగా వస్తోందని తీసేసి బజారులో బర్న్స్ కంపెనీవి కొన్నాడు. నెక్ విషయంలో అలాంటి రాజీ పడలేదు.

ఇలాంటి చేతిపని మన తీరాన, పుదుచ్చేరిలో, వేళ్లూనడానికి కారణం ఊరి చివరి ఎర్రమట్టి దిబ్బల మీద ఉంది. 1968 ఫిబ్రవరి 28న మొదలైన ఆరోవిల్‌కు దేశదేశాల మనుషులతోపాటు వాళ్ల చేతిపనులూ వచ్చాయి. అక్కడ అకూస్టిక్, ఎలక్ట్రిక్ రెండు రకాల గిటార్లూ చేతితో చేసే ఎరిసా నియోగీ పేరు మన దేశపు గిటారు వాద్యకారుల్లో బాగా తెలిసినదే. చేతితో చేసిన గిటారంటే విదేశం నుంచే రావాలన్న భ్రమను పోగొట్టిన కొద్దిమందిలో ఆయన ఒకరు. అక్కడే 2003లో మొదలైన ‘స్వరం’ సంస్థ చుట్టుపక్కల పల్లెల యువతకు వాయిద్యాల తయారీ నేర్పుతోంది. ఇక కలప సంగతి. ఊళ్లో పాత ఇళ్లు విప్పినప్పుడు వచ్చే టేకు దూలాలకు వాయిద్యాల పనివాళ్లలో గిరాకీ ఉంది. వందేళ్లు ఎండిన దూలం మోగినట్టు కొత్త కలప మోగదని చెప్పుకుంటారు. మోగే మాట ఎలా ఉన్నా అది కొత్త కలపంతగా వంగదు, కుంగదు. అదే అసలు లాభం.

బాడీ కలప గురించి జరిగే వాదాలకు అంతు లేదు. మహాగని వెచ్చగా పలుకుతుందని, ఆష్ ఖణేల్‌మంటుందని గంటలకొద్దీ మాట్లాడతారు. ఎలక్ట్రిక్ గిటారులో పికప్, తీగ, వేలు చేసే పని ముందు బాడీ చెక్క వంతు చాలా చిన్నది. దానికి కావలసింది ఎండిన, పగుళ్లు లేని, భుజం మొయ్యగల చెక్క. మహాగని కుటుంబానికే చెందిన నంది చెక్క తేలిక, చిత్రిక హాయిగా పడుతుంది. టేకు బరువెక్కువ, పైగా దానిలో నూనె ఉంటుంది. అతికే ముందు ఎసిటోన్‌తో తుడవకపోతే జిగురు నిలవదు.

పుదుచ్చేరిలో అసలు శత్రువు తేమ. గాలిలో తేమ ఏడాదిలో ఎక్కువకాలం 70 శాతానికి అటూ ఇటూ ఉంటుంది. ఆ గాలిలో కలప తనలో 12, 13 శాతం తేమ నిలుపుకుంటుంది. గిటారు కార్ఖానాలు 45, 50 శాతం తేమ ఉన్న గదుల్లో పనిచేస్తాయి, అక్కడ కలపలో తేమ 8, 9 శాతమే. పుదుచ్చేరిలో చేసిన నెక్ హైదరాబాదు ఎండాకాలానికి వెళితే ఫ్రెట్‌బోర్డు ముడుచుకుని, ఫ్రెట్ల కొసలు అంచు దాటి అరచేతికి గీరుకుంటాయి. కాబట్టి తెలిసినవాళ్లు చెక్క కొసలకు మైనమో రంగో పూసి, అంగుళం మందానికి ఏడాది లెక్కన నీడలో ఆరబెడతారు. పని మొదలుపెట్టే ముందు కొన్ని వారాలు ఏసీ గదిలో ఉంచుతారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాల వానల్లో, అతుకుల పనీ పాలిష్ పనీ ముట్టుకోరు. ఆ రోజుల్లో లాకర్ కొడితే పైన తెల్లని మంచుపొర కమ్ముతుంది.

ఇక నెక్. పదో నంబరు తీగల సెట్టును శృతికి బిగిస్తే ఆరు తీగలూ కలిసి సుమారు 47 కిలోల బలంతో లాగుతాయి. ఆ లాగుడును రెండున్నర అంగుళాలైనా వెడల్పు లేని ఒక కర్ర ఏళ్లతరబడి ఓర్చుకోవాలి. అందుకే ఈనె నిలువుగా ఉన్న పలకనే ఎంచుతారు. తీరప్రాంతంలో మూడు పట్టీలనో అయిదు పట్టీలనో ఈనె ఎదురెదురుగా వచ్చేట్టు అతికి మెలి తిరగకుండా కట్టుదిట్టం చేస్తారు. నెక్ మధ్యలో గాడి తీసి, తీగల లాగుడుకు ఎదురు నిలిచే ఉక్కు ట్రస్ రాడ్ కూర్చోబెడతారు. దీన్ని 1920ల్లో గిబ్సన్ కంపెనీ పనివాడు థాడియస్ మెక్‌హ్యూ కనిపెట్టాడు. గాడి వదులైతే రాడ్ గిలగిల్లాడుతుంది, బిగుతైతే నెక్ వెనక్కి వంగుతుంది. దాని మీద ఆరు మిల్లీమీటర్ల ఫ్రెట్‌బోర్డు, మేలైనదైతే జిట్టేగి, అంటే మన రోజ్‌వుడ్.

ఫ్రెట్ల గాళ్ల దగ్గర వీణకూ గిటారుకూ దారులు విడిపోతాయి. వీణ పనివాడు మైనం మీద 24 మెట్లు నిలిపి చెవితో సరిచూస్తాడు, తేడా వస్తే మైనం కరిగించి మళ్లీ జరుపుతాడు. గిటారు పనివాడికి రెండో అవకాశం లేదు. తీగ పొడుగును 17.817తో భాగిస్తే మొదటి ఫ్రెట్ దూరం వస్తుంది, మిగిలినదాన్ని మళ్లీ అదే అంకెతో భాగిస్తూ పోవాలి. ఫెండర్ కొలత 648 మిల్లీమీటర్లకు మొదటి ఫ్రెట్ 36.37 దగ్గర, అక్కడినుంచి రెండోది 34.33 దూరాన, పన్నెండోది సరిగ్గా సగంలో 324 దగ్గర. అర మిల్లీమీటరు మందం రంపంతో ఒక్కో గాడీ కొయ్యాలి. ఎక్కడ చెయ్యి జారినా ఆ స్వరం గిటారు బతికున్నంతకాలం అపస్వరమే.

తరవాత నెక్ వీపు చెక్కడం. ఈ పని చూస్తూ ఎంతసేపైనా నిలబడిపోవచ్చు! నలుచదరపు కర్ర అంచులను ముందు ఏటవాలుగా కోసి ఎనిమిది ముఖాలు చేస్తారు, తరవాత పదహారు, ఆ తరవాత ముఖాలు లెక్కకు అందవు. కొడతి, ఉలి పక్కన పడేసి స్పోక్‌షేవ్, ఆకురాయి, చివరికి ఉప్పు కాగితం. మొదటి ఫ్రెట్ దగ్గర 20, 21 మిల్లీమీటర్ల మందం, పన్నెండో ఫ్రెట్ దగ్గర 22, 23. ఆ రెండు బిందువుల మధ్య గీత ఎలా నడవాలో ఏ పటమూ చెప్పదు. పనివాడు కళ్లు మూసుకుని బొటనవేలు పైకీ కిందికీ నడుపుతాడు, మూడో వంతు మిల్లీమీటరు ఎత్తు కూడా వేలికి తగులుతుంది. కంప్యూటరు యంత్రం ఒకే ఆకారాన్ని వెయ్యిసార్లు తప్పులేకుండా కొయ్యగలదు. ఎదుట నిలబడ్డ మనిషి అరచెయ్యి మాత్రం దానికి తెలియదు.

ఫ్రెట్లు దిగ్గొట్టాక అన్నిటినీ ఒకే ఎత్తుకు సానపట్టాలి, సానపడితే తల చదునవుతుంది, దాన్ని మళ్లీ గుండ్రం చెయ్యాలి, అద్దంలా మెరుగు పెట్టాలి. ఫ్రెట్ల లోహాన్ని నికెల్ సిల్వర్ అంటారు, అందులో వెండి లేదు, ఉన్నవి రాగి, నికెల్, జింకు. ఉప్పుగాలికి స్టెయిన్‌లెస్ స్టీల్ ఫ్రెట్లు మేలు, వాటితో ఆకురాళ్లు త్వరగా అరిగిపోతాయని పనివాళ్లు విసుక్కుంటారు. కర్ణాటక సంగీతం వాయించేవాళ్లు ఇంకొకటి అడుగుతారు: ఫ్రెట్ల మధ్య చెక్కను దోనెలా లోతు చెయ్యమని. వేలు చెక్కకు తగలకుండా తీగను లాగితే గమకం జారుతుంది. వీణ నేర్చుకున్న గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్, తన ‘శక్తి’ బృందం కోసం గిబ్సన్ వారి దగ్గరి పనివాడు ఏబ్ వెక్టర్ చేత ఇలాంటి బోర్డే చేయించుకున్నాడు. గుండ్రటి ఆకురాయి పోట్లు మితిమీరితే ట్రస్ రాడ్ బయటపడవచ్చు.

ఎలక్ట్రిక్ వాయిద్యం గమకానికి లొంగదనే వాళ్లకు సమాధానం గోదావరి జిల్లా ఇచ్చింది. పాలకొల్లులో 1969లో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ జంటతీగల మాండొలిన్‌ను వదిలి, అయిదు ఒంటితీగల ఎలక్ట్రిక్ మాండొలిన్‌ను కచేరీ వేదిక మీద కూర్చోబెట్టాడు. ఆ వాయిద్యం పొట్టి ఎలక్ట్రిక్ గిటారే. దిమ్మ బాడీ, పికప్, సన్నని నెక్. 2014లో ఆయన పోయేనాటికి ఆక్షేపించేవాళ్లు మిగల్లేదు.

పికప్ పని ఓపికది. సుమారు 0.063 మిల్లీమీటర్ల రాగి తీగను అల్నికో అయస్కాంతాల చుట్టూ ఎనిమిది వేల చుట్లకు దగ్గరగా చుట్టాలి. వెంట్రుక కన్నా సన్నని ఆ తీగను కుట్టుమిషను మోటారుకు బిగించి, రెండు వేళ్ల మధ్య నుంచి జారవిడుస్తూ చుట్టేవాళ్లున్నారు. తెగితే మళ్లీ మొదటికి. ఫెండర్ కార్ఖానాలో 1956 నుంచి ఈ పని చేసిన అబిగెయిల్ యబార్రా చుట్టిన పికప్‌ల మీద ఆమె పేరు పొడి అక్షరాలు కనిపిస్తే ధర ఎక్కడికో పోతుంది. వైరింగ్ మాత్రం ఎవరికైనా వస్తుంది: 250 కిలో ఓముల పొటెన్షియోమీటర్లు, ఒక కెపాసిటర్, గూట్లో రాగిరేకు తాపడం. పాత ఇళ్లలో ఎర్తింగ్ లేకపోతే రాగిరేకు ఎంత వేసినా 50 హెర్ట్‌జ్ గుయ్‌మనే మోత పోదు, నింద గిటారు మీద పడుతుంది.

పైపూతకు లక్క పాలిష్‌ను మించింది లేదు. స్పిరిట్‌లో కరిగించిన లక్కను గుడ్డ ఉండతో పొర మీద పొర రుద్దుతారు. ఏటికొప్పాక బొమ్మలకు నిగనిగ ఇచ్చే లక్కే ఇదీ. కార్ఖానాల పాలియురేథేన్ గట్టిది, నిజమే, కానీ ప్లాస్టిక్ తొడుగు తొడిగినట్టుంటుంది. గీత పడితే లక్కను అక్కడికక్కడే మళ్లీ రుద్దుకోవచ్చు.

ఇంత పని ఉన్నచోట దొంగసరుకు రాకుండా ఉంటుందా? యంత్రం కోసిన బాడీ, యంత్రం కోసిన నెక్, డబ్బాలో కట్టి పంపిన పికప్‌లు కొని, స్క్రూలు బిగించి, రంగు కొట్టి ‘హ్యాండ్‌మేడ్’ అని అమ్ముతున్నారు. వాళ్ల చెయ్యి చేసింది స్క్రూడ్రైవరు తిప్పడం ఒక్కటే! ఇంకొందరు ప్రసిద్ధ కంపెనీల పేర్లలో ఒక అక్షరం మార్చి హెడ్‌స్టాక్ మీద అతికిస్తారు, తెగించినవాళ్లు అక్షరం కూడా మార్చరు. మెత్తని తెల్లచెక్కకు నల్లరంగు పట్టించి ఎబొనీ అంటారు, నాలుగు నెలల్లో వేలికి అంటుకుని రంగు బయటపడుతుంది. ప్రపంచమంతా ఫ్రెట్‌బోర్డుకు కోరుకునే రోజ్‌వుడ్ మన అడవులది. 2017 జనవరి నుంచి ఆ జాతి మొత్తం అంతర్జాతీయ వాణిజ్య ఆంక్షల కిందికి వచ్చింది, 2019లో తయారైన వాయిద్యాలకు సడలింపు దొరికింది. అంత విలువైన చెక్క మనది అయివుండి, మన పిల్లల మొదటి గిటారుకు దక్కేది రంగు పూసిన చెత్త చెక్క. వేళ్లు కోసుకుపోయి, శృతి నిలవక, తమకే సంగీతం రాదనుకుని మానేసిన పిల్లలకు ఎవరు జవాబు చెబుతారు?

చేతులు లేక కాదు ఈ దుస్థితి. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాల వాళ్లు ఒకే పనస దుంగను తొలిచి ఏకాండి వీణ చేస్తారు. అంతటి పనితనం ఉన్న చేతులకు గిటారు నెక్ ఏపాటి? యానాం కూడా పుదుచ్చేరి ప్రభుత్వం కిందిదే. అక్కడి తెలుగు కుర్రవాళ్లు నలుగురిని ఆరోవిల్ షెడ్డుల్లో ఏడాది కూర్చోబెట్టే ఏర్పాటు చెయ్యడం ఆ ప్రభుత్వానికి పెద్ద ఖర్చు కాదు. కొనేవాళ్లు చెయ్యవలసింది ఇంకా సులువు. చేతితో చేశానన్నవాణ్ణి నెక్ విప్పి చూపమనాలి. నిజంగా చేసినవాడి నెక్ మడమ మీద పెన్సిలు గీతలు, ఉలి పడ్డ గుర్తులు, పక్కనే తేదీ ఉంటాయి. వాడు సంతోషంగా చూపిస్తాడు. పన్నెండో ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు 1.6 నుంచి 2 మిల్లీమీటర్లు ఉండి, ఏ ఫ్రెట్ దగ్గరా జరజరమనకపోతే పని సరైనదే. అలాంటి గిటారుకు ఫ్రెట్లు అరిగినప్పుడు పాతవి లాగి కొత్తవి దిగ్గొట్టవచ్చు, ఆ తరవాత అవీ అరిగితే మరోసారి కూడా.