గులకరాళ్లలో పూసిన తోట

ఇంగ్లండ్ ఆగ్నేయ కొసన, కెంట్ తీరంలోని డంజనెస్‌లో నేలంటే గులకరాళ్లే. పైకి మట్టి కనబడదు, ఉప్పుగాలికి అడ్డు లేదు, పక్కనే, 2021లో మూతబడిన అణువిద్యుత్ కేంద్రం. చిత్రకారుడు, సినిమా దర్శకుడు డెరెక్ జార్మన్ 1987లో అక్కడ ఒక పాత చెక్క ఇల్లు కొన్నారు. నల్లటి తారు పూత, పసుపుపచ్చ కిటికీలు, ప్రాస్పెక్ట్ కాటేజ్ అని పేరు. అంతకు కొన్ని నెలల ముందే, 1986 డిసెంబరులో, ఆయనకు హెచ్ఐవీ సోకిందని తేలింది. ఆ జబ్బును అదుపులో ఉంచే మందులు ఇంకా రాని రోజులవి.

చావుకు దగ్గరైన మనిషికి తోట ఓదార్పునిచ్చిందని చాలామంది రాస్తారు. ఆ మాట ఆయన పనితనాన్ని తక్కువ చేస్తుందని నాకనిపిస్తుంది. చిన్ననాటి నుంచీ మొక్కలంటే ప్రాణమైన మనిషి ఆయన. ఈ తోట వెనుక ఉన్నది తెలిసిన చెయ్యి.

పద్ధతి వినడానికి తేలిక. రాళ్లు తోడి గుంత చేయాలి, పశువుల ఎరువు నింపాలి, మొక్క నాటి మళ్లీ రాళ్లు కప్పాలి. వాన నీరు రాళ్ల సందుల్లోంచి చప్పున కిందికి దిగిపోతుంది. పైనున్న రాళ్లు ఎండను ఆపుతాయి కనుక అడుగున తేమ నిలుస్తుంది. దానికోసం వేరు లోతుకు పోతుంది. ఆ తీరంలో తనంతట తానే పెరిగే సీ కేల్ మొక్కకు ఈ విద్య పుట్టుకతోనే వచ్చు. మైనం పూసినట్టుండే దాని దళసరి ఆకు మీద ఉప్పు నిలవదు. లావెండర్, శాంటొలినాల బూడిదరంగు ఆకులు కూడా ఎండకూ గాలికీ ఓర్చుకునేవే. అడవి గులాబీ, గసగసాల పూలు, ముళ్ల గోర్స్ పొదలు వీటికి తోడు. బతకనిదాన్ని బలవంతాన నిలబెట్టకుండా, ఆ చోటు ఒప్పుకున్నదాన్నే పెంచడం ఈ పద్ధతిలోని అసలు కిటుకు.

అలంకారాలూ అవసరంలోంచే వచ్చాయి. అడవి గులాబీకి ఊతంగా, సముద్రం ఒడ్డుకు తెచ్చిన కర్ర ఒకటి పాతారు. మరో చోట చిల్లులున్న రాళ్లను దండగా గుచ్చి వేలాడదీశారు. తుప్పు పట్టిన ఇనుప ముక్కలు, గొలుసులు, నిలువు దుంగలు తర్వాత చేరాయి. ఇంటి ముందు చెకుముకి రాళ్లతో గీసినట్టు తీర్చిన మళ్లు, వెనుక ఇష్టారాజ్యం. నాకు ఆ వెనుక భాగమే ఎక్కువ ఇష్టం. కంచె లేదు కనుక, నాటిన మొక్క ఎక్కడ ఆగిందో అడవి మొక్క ఎక్కడ మొదలైందో అక్కడ చెప్పలేం.

తోటను ఆయన చికిత్సగానూ మందుల కొట్టుగానూ చూశారు. 1991లో అచ్చయిన ‘మోడర్న్ నేచర్’ డైరీల్లో మూలికల కబుర్లూ ఆస్పత్రి రోజులూ పక్కపక్కనే ఉంటాయి. చూపు పోతున్న దశలో, 1993లో, తెర మీద ఒక్క నీలి రంగు తప్ప మరేమీ లేని ‘బ్లూ’ తీశారు. 1994 ఫిబ్రవరిలో కన్నుమూశారు. 2020లో విరాళాలుగా వచ్చిన 35 లక్షల పౌండ్లు ఆ ఇంటినీ తోటనూ కాపాడాయి.

హోవార్డ్ సూలీ ఫొటోలతో ఆయన తోట పుస్తకం 1995లో వచ్చింది. ఉప్పు నేలలో మొక్క పెంచాలనుకునేవాళ్లకు నేను ముందుగా చేతికిచ్చే పుస్తకం అదే.