లెక్క నిలకడకు వచ్చువరకు

పదార్థవిజ్ఞానమునకు ప్రయోగశాల యొక్కటే ద్వారమై యుండిన కాలమున, ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినిని కొనుటకు ధనమును, కొన్న పిదప చెడినచో బాగుచేయుటకు నిపుణులును లేని దేశములు ఆ గడప వెలుపలనే నిలువవలసి వచ్చెను. 1964లో హోహెన్‌బెర్గ్, కోన్‌లును, మరుసటి సంవత్సరమున కోన్, షామ్‌లును ప్రతిపాదించిన సిద్ధాంతము వేరొక త్రోవను చూపినది. అసంఖ్యాకములైన ఎలక్ట్రాన్లలో ఒక్కొక్కదానిని వెంబడింపక, వాని సాంద్రత ఏ చోట ఎంత యున్నదో తెలిసిన చాలుననియు, అందుండియే పదార్థము యొక్క కనిష్ఠశక్తిని రాబట్టవచ్చుననియు వారు నిరూపించిరి. వాల్టర్ కోన్‌కు 1998లో రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము లభించినది ఇందులకే. నేడు ఈ సిద్ధాంతముతో గణనలను చేయు క్వాంటమ్ ఎస్ప్రెస్సో అను ప్రోగ్రాము ఎవరికైనను ఉచితముగా దొరకును.

నేనును ఈ గణనలను చేయుచు, పిన్నలచే చేయించుచు నుండువాడను గావున, ఆఫ్రికాలో ఈ విద్యను నాటుటకు జరుగుచున్న కృషిని ఆత్మీయమైన ఆసక్తితో గమనించుచుందును. ఈ శాస్త్రమునకు గొప్ప పాఠ్యగ్రంథమును రచించిన అమెరికా ఆచార్యుడు రిచర్డ్ మార్టిన్, ఆయనతో కలిసి పరిశోధన చేసిన దక్షిణాఫ్రికా వాస్తవ్యుడు నితయా చెట్టి, అబ్దుస్ సలామ్ 1964లో ఇటలీలోని ట్రియెస్తెలో నెలకొల్పిన అంతర్జాతీయ సైద్ధాంతిక భౌతికశాస్త్ర కేంద్రమునకు చెందిన సాంద్రో స్కాందోలో పూనుకొని నడిపిన పాఠశాలకు అసెస్మా అని పేరు. 2010లో కేప్‌టౌన్‌లో మొదలై, 2012లో కెన్యాలోని ఎల్డొరెట్‌కును, అటుపై జొహన్నెస్‌బర్గ్, అక్రా, అడిస్ అబాబాలకును అది తరలుచు వచ్చినది. బెంగుళూరులోని జవాహర్‌లాల్ నెహ్రూ కేంద్రపు ఆచార్యురాలు శోభనా నరసింహన్ అందు బోధించినవారిలో ఒకరు. పాఠశాల సాగునది రెండు వారములు మాత్రమే.

ఆ కొద్ది దినములలో ఏమి నేర్పవలెను? సిద్ధాంతము కన్నను, ప్రోగ్రాము కన్నను ముందు, యంత్రము చూపిన సంఖ్యను వెంటనే నమ్మకుండు అలవాటు నేర్పవలెనని నా నిశ్చితాభిప్రాయము. ఈ విద్యలో అడుగిడువారు సాధారణముగా మొదట చేయునది సిలికాన్ లెక్క. రెండు పరమాణువుల స్థానములు, స్ఫటికపు కొలత, తరంగములను ఎంతవరకు లెక్కలోనికి తీసికొనవలెనో తెలుపు కట్‌ఆఫ్, స్ఫటికమున ఏయే తరంగములకు లెక్క చేయవలెనో తెలుపు కె-బిందువుల సంఖ్య — ఇన్‌పుట్ ఫైలులో ఉండవలసినవానిలో ఇవి ముఖ్యములు. మీట నొక్కిన కొద్దిసేపటికే, మొదట ఒక ఆశ్చర్యార్థక చిహ్నముతో, దశాంశ బిందువునకు కుడివైపున ఎనిమిది అంకెలతో, మొత్తము శక్తి తెరపై సాక్షాత్కరించును. ఎనిమిది అంకెలను చూచినవానికి ఇక సందేహమేమి? కట్‌ఆఫ్‌ను 12 రిడ్‌బర్గుల (ఇది శక్తికి ఒక కొలమానము) నుండి 16కు పెంచుమని గురువు చెప్పగా శక్తి తగ్గును. 20కి పెంచగా ఇంకను తగ్గును. పోను పోను ఆ తగ్గుదల సన్నగిలి, లెక్క నిలకడకు వచ్చును. కె-బిందువులు ఈపాటి క్రమమునైనను పాటింపవు. వానిని పెంచుకొలది శక్తి పైకిని క్రిందికిని ఊగిసలాడి గాని కుదుటపడకపోవచ్చును. ఎనిమిది అంకెలలో తాను సంపాదించినవి ఎన్నో, అజాగ్రత్తవలన వచ్చి చేరినవి ఎన్నో విద్యార్థికి అప్పుడుగాని తెలియదు.

ఇంత శ్రద్ధ వహించినను, కొలతలో దాదాపు 1.1 ఎలక్ట్రాన్ వోల్టులున్న సిలికాన్ బ్యాండ్ గ్యాప్, అనగా ఎలక్ట్రాన్ల శక్తిశ్రేణుల నడుమనున్న అంతరము, వాడుకలోనున్న సులభమైన ఉజ్జాయింపులతో లెక్కించినచో, సుమారు సగమే వచ్చును. కట్‌ఆఫ్‌ను ఎంత పెంచినను ఆ కొరత తీరదు. దోషము పద్ధతిలోనే యున్నది. తన పొరపాటును, పద్ధతి యొక్క పరిమితిని వేరుచేసి చెప్పగలిగిన నాడు ఆ విద్యార్థి ఎవరి పరిశోధనపత్రమునైనను నిర్భయముగా ప్రశ్నింపగలడు. కంప్యూటరు బలము తక్కువైన చోట ఈ వివేకము మరింత అవసరము; అక్కరకు మించిన కట్‌ఆఫ్‌తో నడపిన ప్రతి లెక్కయు, విద్యుత్తు పోకముందే ముగింపవలసిన మరొకరి లెక్కకు అడ్డుపడును.

ఎడతెగని సాంగత్యము లేనిదే ఈ అలవాటు నిలువదు. ఇంటికి మరలిన యువశాస్త్రజ్ఞుడు తన శాఖలో ఒంటరియైనచో, మూడవ నెలలో లెక్క మొరాయించినపుడు ఎవరిని అడుగును? అసెస్మాలో నేర్చినవారిని జట్లుగా కూర్చి సమస్యలపై పనిచేయించుటయు, వారిలో కొందరు పిమ్మట బోధకులై తిరిగివచ్చుటయు అందుచేతనే నాకు ఎంతో సంతోషదాయకములు. ఎల్డొరెట్‌లో శాస్త్రజ్ఞులు అమోలో, మకావు ప్రభృతులు పరిశోధక బృందమును పెంచిరి. ట్రియెస్తె కేంద్రపు ఆదరణతో 2018లో రువాండాలోని కిగాలీలో ఒక సంస్థ వెలసి, నైజీరియా శాస్త్రజ్ఞుడు ఒమొలోలు అకిన్-ఓజో నాయకత్వమున నడచినది.

లోకమునకు కావలసిన కోబాల్టులో అధికభాగము కాంగో నేలనుండియే వచ్చుచున్నది; మన చేతి ఫోనుల బ్యాటరీలలోను అందు కొంత యుండవచ్చును. ఆ లోహము లిథియమ్ అయాన్ల నడుమ ఎట్లు ప్రవర్తించునో లెక్కగట్టు విద్య మాత్రము ఎక్కువగా అన్యదేశములందే యుండుట నాకు బాధాకరముగా తోచును. పెద్ద యంత్రములను దానమిచ్చుటకు ముందుకు వచ్చువారిని నేను కోరునది ఇది: యంత్రముతోపాటు, నేర్చుకొను ప్రతివానికిని మూడేండ్లపాటు ప్రశ్నకు ప్రత్యుత్తరమిచ్చు ఒక గురువును, ఏటేట ఆ గురువును కలియుటకు దారిఖర్చును ఏర్పాటు చేయుడు.