మున్నేరు రోడ్డెక్కిన రోజు

2023 జూలై నెలాఖరులో, మళ్లీ 2024 సెప్టెంబరు 1న మున్నేరు నందిగామ సమీపంలోని ఐతవరం దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీదికెక్కింది. హైదరాబాద్–విజయవాడ బండ్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. పాకాల వైపు నుంచి ఖమ్మం మీదుగా దిగే ఏరు ఇది. వైరా, కట్టలేరుల నీళ్లు కూడా కీసర దగ్గర ఇందులోనే చేరతాయి. పైన వానలు గట్టిగా పడితే ఈ వైపు గట్లు నిలవడం కష్టం.

అలాంటి రాత్రి పత్రికాఫీసు డెస్కుకి వచ్చే ఇంగ్లిషు వార్తల్లో ‘సరౌండ్’ తరచూ కనిపిస్తుంది. ఉపసంపాదకుడు చప్పున ‘జలదిగ్బంధం’ అని శీర్షిక పెట్టేస్తాడు.

చూడగానే సరౌండ్‌లో ‘రౌండ్’ ఉందనిపిస్తుంది కానీ, దాని పుట్టుక వేరు. లాటిన్‌లో ‘ఉండా’ అంటే అల. దానికి ముందు ‘పైన’ అనే అర్థమిచ్చే ‘సూపర్’ చేరి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషుకొచ్చింది. తొలి అర్థం పొంగిపొర్లడం, ముంచెత్తడం. రౌండ్‌తో పోలిక కుదరడంతో 17వ శతాబ్దంలో చుట్టుముట్టడమనే అర్థం స్థిరపడింది. కీసర రైతుకి ఈ రెండు అర్థాలూ ఒకే రోజున ఎదురవుతాయి: పొలం మునుగుతుంది, ఇల్లు నీళ్ల మధ్య మిగులుతుంది.

ఇంగ్లిషులో కొండలు, పోలీసులు, అనుమానాలు అన్నిటికీ ఆ ఒక్క క్రియ సరిపోతుంది. తెలుగులో సరిపోదు. కొండలు ఊరి చుట్టూ ఉంటాయి, అంతే. పోలీసులు చుట్టుముడతారు. ఆందోళనకారులు కలెక్టరేట్‌ను ముట్టడిస్తారు. అనుమానాలు ముసురుకుంటాయి, చీకటి కమ్ముకుంటుంది. ‘కొండలు చుట్టుముట్టిన గ్రామం’ అని రాస్తే, పాపం, ఆ కొండలు ఏదో దాడికి దిగినట్టుంటుంది.

ఇక దిగ్బంధం. పూజలో న్యాసం (మంత్రాలతో అంగాలను తాకడం) చివర దిక్కులన్నిటినీ కట్టడం రక్షణ కోసం. పత్రికల్లో అదే మాట ఆపదకి పేరైంది. అందులో తప్పేమీ లేదు. అయితే దిక్కులన్నీ మూసుకుపోయినప్పుడే అది నిజమవుతుంది. 2024లో బుడమేరు ముంచినప్పుడు విజయవాడ సింగ్‌నగర్ జనం మేడల మీద చిక్కుకుపోయారు. డ్రోన్లతో ఆహారం జారవిడవాల్సి వచ్చింది. అది దిగ్బంధం. ఐతవరంలో రహదారి మునగడం దారి తెగడం. రెండిటికీ ఒకే శీర్షిక పెడితే, పడవ ఎక్కడికి పంపాలో, బండి ఎటు తిప్పాలో చదివేవాళ్లకి తెలియదు.

2023లో హైదరాబాద్ నుంచి వచ్చే బండ్లను నార్కెట్‌పల్లి దగ్గర మళ్లించి మిర్యాలగూడ, గుంటూరు మీదుగా పంపారు. నందిగామలో అమ్మానాన్నలున్న వాళ్లు, తెల్లారే విజయవాడ ఆసుపత్రికి బయల్దేరాల్సిన వాళ్లు వార్తలో ముందు వెతికేది ఆ ఊళ్ల పేర్లే. వాటి చోటు మొదటి పేరా.