తెర మీద వేలు, సింథ్‌లో స్వరం

1983లో వచ్చిన యమహా డీఎక్స్7 సింథసైజర్‌లో ధ్వనిని పుట్టించే ఆరు ఆపరేటర్లు, వాటిని కలిపే 32 అల్గారిథమ్‌లు ఉన్నాయి. వాటిని మలచడానికి ఇచ్చినవి మాత్రం వరుస మీటలు, ఒక స్లైడరు, రెండు వరుసల బుల్లి తెర. దాంతో చాలామంది కంపెనీ స్వరాలతోనే సరిపెట్టుకున్నారు.

ఇప్పుడు ఐప్యాడ్‌లో ప్యాచ్ బేస్ లాంటి యాప్ తెరిస్తే ఆ లోపలి అమరికంతా కళ్లెదుట పరుచుకుంటుంది. ధ్వని ఎలా ఎదిగి తగ్గాలో చూపే ఎన్వలప్ గీతను వేలితో లాగితే నలభై ఏళ్ల నాటి యంత్రం గొంతు మారుతుంది. ఈ రెండు తరాల మధ్య దుబాసీ, వాయిద్యాల సంకేత భాష అయిన మిడి. అదీ 1983 నాటిదే. వేగం సెకనుకు 31,250 బిట్లు.

ఇలా ఐప్యాడ్‌తో పలు సింథ్‌లను నడపడంలో పనితనం చాలానే ఉంది. 16 ఛానెళ్లలో ఏ సింథ్‌కు ఏది ఇవ్వాలో, లయను నడిపే క్లాక్ ఏ పరికరం అదుపులో ఉండాలో ముందే తేల్చుకోవాలి. ఒక పరికరం క్వార్టర్ నోట్‌కు 24 టిక్కులు పంపితే మిగతావి దాని వెంట నడుస్తాయి. బ్లూటూత్ సులువే అయినా, లయ బిగువుగా ఉండాల్సిన చోట తెలిసినవాళ్లు కేబుల్‌నే నమ్ముతారు. మిడిలో మామూలు కంట్రోల్ విలువలు 0 నుంచి 127 వరకే. ఆ మెట్లు చెవికి తగలకుండా ఫిల్టర్‌ను జార్చడానికి చెయ్యి తిరగాలి.

స్వరాలను వరుసగా వాయించే సీక్వెన్సర్‌లో గళ్లు ఎవరైనా నింపుతారు. ఏ గడి ఖాళీగా వదలాలో తెలిసినవారిదే అసలైన విద్య.